చీకటి తూములో దారి

మూడో చీలిక దగ్గర ఆ అమ్మాయి కాస్త ఆగింది. ఆగి, ఎడమ తూములోకి తిరిగి, రోజూ వెళ్ళే దారే అన్నట్టు వెళ్ళిపోయింది. వెనక నిలబడి చూస్తున్న తామటికి ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? ఆ తూములు కట్టింది అతను. ఆ కంప్యూటర్ ఆటలో మనం ఒక మలుగుపాము, అంటే పాములా ఉండే చేప. వెల్లింగ్టన్ వీధుల కింద, ఎప్పుడో గొట్టాల్లో పూడ్చేసిన వాగుల్లోంచి ఈదుకుంటూ సముద్రం చేరాలి. చివరి సంవత్సరం విద్యార్థులు ముగ్గురు కలిసి చేస్తున్న ఆట అది. ఎగువన ఎండ కాసే చిత్తడి నేల లోసాది. దిగువన ఈ చీకటి తూముల చిక్కు తామటిది. రెంటినీ నడిపించే కోడ్ ఫెర్గస్‌ది. తామటి ఉద్దేశం ప్రకారం తూముల్లోకి వచ్చినవాడు దారి తప్పాలి, గోడలకి కొట్టుకోవాలి, కాస్త భయపడాలి. అప్పుడుగానీ నీళ్ళలో సన్నగా కొట్టుకుపోయే బుడగలు కంటపడవు. బుడగలు ఎటు పోతే సముద్రం అటు. అది కనిపెట్టడంలోనే ఉంది మజా అంతా. ఈ పిల్ల బుడగల మొహం కూడా చూడలేదు.

ఆట అయిపోయాక అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసింది. మొదటి సంవత్సరం పిల్ల, ఇంకా బెరుకు పోలేదు.

"దారి నీకు ఎవరైనా చెప్పారా?" అని అడిగాడు తామటి.

ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "లేదు. ఎవరూ చెప్పలేదు."

"మరి ఎడమకే ఎందుకు తిరిగావ్?"

"అంటే... అలా అనిపించింది," అని సగం తిన్న సాసేజ్ రోల్ బల్లమీదే వదిలేసి పుస్తకాల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ పోకడ. అంతకుముందు ఆడిన కుర్రాడూ అంతే, వాడికి ముందు ఆడిన ఇద్దరూ అంతే. ఒక్కడు తప్పిపోలేదు. అడిగితే ఒక్కడు కళ్ళలోకి చూడలేదు.

ఆటలు చెయ్యడం నేర్పే ఆ డిపార్టుమెంటులో శుక్రవారం టెస్టింగ్ రోజు. మొదటి సంవత్సరం వాళ్ళు వచ్చి పెద్దవాళ్ళ ఆటలు ఆడి పెడతారు, కూలి కింద వేడి సాసేజ్ రోల్ తిని పోతారు. ఎవరు చేసిన భాగం ఆడుతుంటే వాళ్ళు ఆడేవాడి వెనకే నిలబడి చూడాలి. నోరు మాత్రం మెదపకూడదు. "రేపు మీ ఆట కొన్నవాడి ఇంటికెళ్ళి వెనక నిలబడి దారి చెప్తారా? ఆట మాట్లాడాలి, మీరు కాదు" అని బ్రోన్విన్ మొదటి వారంలోనే కుండబద్దలు కొట్టింది. ఆ క్లాసు టీచరు ఆవిడ. ఎవరైనా "అటు కాదు" అన్నా, "అయ్యో" అన్నా, వచ్చే శుక్రవారం క్లాసు మొత్తానికీ సొంత చేత్తో కేకు చేసి తేవాలి. ఫెర్గస్ ఇప్పటికి తెచ్చిన కేకులతో ఒక బేకరీ పెట్టుకోవచ్చు. లోసా కూడా తెచ్చింది. తామటి మూడేళ్ళలో ఒక్కసారీ తేలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు కుట్టేసినట్టు నిలబడతాడని క్లాసులో పేరు. ఆ పేరంటే అతనికి చచ్చేంత గర్వం.

మరి దారి ఎలా బయటికి పోతోంది?

తామటికి అనుమానం కొత్త కాదు. పొరిరువాలో వాళ్ళ నాన్నమ్మ, "వీడికి దేవుడు ప్రత్యక్షమైతే గుర్తింపు కార్డు అడుగుతాడు" అని చుట్టాలందరి ముందూ అంటుంది. కానీ ఈసారి అనుమానించడానికి కారణం ఉంది. తూముల్లో దారి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఫెర్గస్ తన కోడ్‌లో తనే దారి తప్పే మనిషి, వాడి వల్ల కాదు. ఇక మిగిలింది లోసా. కారిడార్‌లోకి వెళ్ళి టెస్టింగ్‌కి పిల్లల్ని పోగేసేది లోసా. తలుపు దగ్గర రోల్స్ ట్రే పట్టుకుని ప్రతివాడితో నవ్వుతూ కబుర్లు చెప్పేది లోసా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

లోసా ఎందుకు చేస్తుందీ పని అంటే, దానికీ జవాబు ఉంది. క్రితం వారం బ్రోన్విన్ ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది: "చివరి షోలో ఒక్కో మనిషి మీ ఆట ముందు పది నిమిషాలకి మించి కూర్చోడు. చిత్తడి నేలా తూములూ రెండూ పట్టవు. ఒకటి తీసెయ్యండి." తర్వాత తామటి వైపు తిరిగింది. "నీ తూముల్లో ఒక్కరూ తడబడటం లేదు తామటీ. అప్పుడది చిక్కుదారి ఎలా అవుతుంది, చీకటి కారిడార్ అవుతుంది. లోసా భాగంలో జనం ఆగుతున్నారు, ఆలోచిస్తున్నారు. ఏది ఉంచాలో మీలో మీరే తేల్చుకోండి."

షోకి ఊళ్ళోని స్టూడియోలవాళ్ళు వస్తారు. అక్కడ కనపడని పని చెయ్యని పనితో సమానం. మూడేళ్ళ చదువూ ఆ పది నిమిషాల్లో ఉంది.

ఇంతకీ లోసా పరాయిది కాదు. మొదటి సంవత్సరం నుంచీ ఇద్దరూ ఒకే రైలు, ఒకే బెంచీ. ఆదివారం చర్చి అయ్యాక కానన్స్ క్రీక్‌లో వాళ్ళింట్లో భోజనాలకి తామటి కంచం ఎప్పుడూ ఉంటుంది. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకులు వాళ్ళమ్మ ఇతనికే రెండుసార్లు వడ్డిస్తుంది. తూముల్లో వినపడే ఆ నీళ్ళ చప్పుడు కూడా లోసా ఇచ్చిందే. వానాకాలంలో ఒక కల్వర్టు మూతి దగ్గర బోర్లా పడుకుని మైకు లోపలికి చాచి పట్టుకొచ్చింది. ఇవన్నీ తామటికి గుర్తున్నాయి. గుర్తున్నకొద్దీ అనుమానం ఇంకా చేదుగా తగిలింది.

ఆ సాయంత్రం రైల్లో లోసా కాళ్ళు ఎదుటి సీటు మీద పెట్టుకుని, "నీ తూములు భలే ఉన్నాయిరా. పిల్లలు చేపల్లా జారిపోతున్నారు. నా బురదలో మాత్రం గేదెల్లా కూరుకుపోతున్నారు," అంది.

"జారిపోవడం మంచిదా?"

"నాకేం తెలుసు? హాయిగా ఉందనుకుంటున్నారేమో."

"నువ్వేమైనా అడిగావా వాళ్ళని?"

"నేనా? నేను రోల్స్ పంచుతాను బాబూ, ఇంటర్వ్యూలు చెయ్యను." లోసా నవ్వింది. "ఏంట్రా అలా చూస్తున్నావ్? నా మొహాన సాసు అంటిందా?"

తామటి కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. ఇంత తేలిగ్గా నవ్వేవాళ్ళని ఇదివరకు అతను నమ్మేవాడు. ఇప్పుడా నవ్వు వెనక ఏముందా అని వెతుకుతున్నాడు.

వల పన్నాడు. తర్వాతి శుక్రవారం ఉదయం అందరికంటే ముందొచ్చి, తూముల్లో దారి మార్చేశాడు. ఎడమలు కుడులు చేశాడు, ఇనుప చువ్వల తలుపొకటి తెచ్చి పాత దారికి అడ్డం పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. లోసా పాత దారే పిల్లలకి ఊదితే, పిల్లలంతా వెళ్ళి ఆ చువ్వలకి కొట్టుకోవాలి. దొంగ దొరకాలి.

ఒక్కడు కొట్టుకోలేదు. చీలిక వచ్చిన చోటల్లా కాసేపు ఆగడం, ఇటోసారి అటోసారి మలుగుపాము తలని ఊపడం, సరైన తూములోకి తిరగడం. వెనక నిలబడ్డ తామటికి చెమటలు పట్టాయి. అంటే కొత్త దారి కూడా తెలిసిపోయిందన్నమాట. ఫైలుకి లాక్ వేస్తే ఇంకొకరు మార్చకుండా ఆపొచ్చు గానీ, తెరిచి చూడకుండా ఆపలేం. లోసా కుర్చీ అతని కుర్చీ పక్కనే. ఇక అర్థంకానిదేముంది?

సోమవారం నుంచి తామటి తన మానిటర్‌ని గోడవైపు తిప్పుకున్నాడు. టీ తెచ్చుకోడానికి లేచినా స్క్రీన్ ఆర్పేసి వెళ్తున్నాడు.

"ఏంట్రా, బ్యాంకు పెట్టావా అందులో?" అన్నాడు ఫెర్గస్.

"ఎండ పడుతోంది."

"వెల్లింగ్టన్‌లోనా? ఈ వారమా?" ఫెర్గస్ కిటికీ వైపు చూశాడు. బయట గాలికి వాన అడ్డంగా కురుస్తోంది. లోసా కూడా చూసింది, ఈసారి నవ్వలేదు. ఏదో అడగబోయి ఊరుకుంది. తామటికి అదీ ఒక సాక్ష్యమే అయింది. పచ్చకామెర్లవాడి సంగతి తెలిసిందే కదా.

మానిటర్ తిప్పినా, దారి మళ్ళీ మార్చినా, ఆ శుక్రవారం కూడా పిల్లలు జారిపోతూనే ఉన్నారు. తాడో పేడో తేల్చుకోవాలనుకున్నాడు. దానికి తలుపు దగ్గర్నుంచి లోసాని తప్పించడమొక్కటే దారి.

"ఈవేళ ట్రే నేను పట్టుకుంటాను, ఇలా ఇయ్యి," అన్నాడు తర్వాతి వారం. "పిల్లల్ని నేనే పంపుతాను. నువ్వు లోపల ఫెర్గస్ దగ్గర కూర్చో."

"నీ భాగం ఆడేటప్పుడు వెనక ఎవరుంటారు?"

"రికార్డింగ్ ఉంది కదా, తర్వాత చూసుకుంటా."

"బ్రోన్విన్ ఒప్పుకుందా?"

"నేను చూసుకుంటానన్నానా?"

లోసా భుజాలు ఎగరేసి ట్రే ఇచ్చేసింది. ఆ పూటంతా తామటి తలుపు దగ్గర కాపలా కాశాడు. వచ్చిన ప్రతివాడి చేతిలో రోల్ పెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా లోపలికి తోశాడు. లోసా ఎవరి దగ్గరికైనా వస్తుందేమోనని గాజు తలుపులోంచి కళ్ళలో వత్తులేసుకుని చూశాడు. తనేమో ఫెర్గస్ పక్కన గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

సాయంత్రం రికార్డింగులు పెట్టి చూశాడు. ఆడినవాళ్ళంతా తప్పిపోయారు. ఒకడు ఒకే తూములో గిర్రున తిరిగి తిరిగి ఆట వదిలేశాడు. ఇంకో అమ్మాయి రెండో చీలిక దాటలేదు. చివరిదాకా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. మలుగుపాములన్నీ చీకట్లో గోడలకి తలలు బాదుకుంటూ ఉండిపోయాయి.

తప్పిపోవడం చూసి సంతోషించాలి నిజానికి. అతను కోరుకున్నదే అది. కానీ తామటికి ఏడుపొచ్చినంత పనైంది. లోసాని తలుపు దగ్గర్నుంచి తీశాడు, దారి బయటికి పోవడం ఆగిపోయింది. ఇంతకన్నా రుజువు ఇంకేం కావాలి? రుజువు దొరకకూడదని లోపలెక్కడో ఎంత కోరుకున్నాడో, దొరికాకగానీ అతనికే తెలియలేదు.

సోమవారం మధ్యాహ్నం, క్యాంటీన్‌లో, లోసా చిప్స్ మీద వెనిగర్ పోసుకుంటుంటే అడిగేశాడు. ఫెర్గస్ కూడా ఉన్నాడు.

"టెస్టింగ్ పిల్లలకి నా దారి ఎందుకు చెప్తున్నావ్?"

లోసా సీసా పట్టుకుని అలాగే చూసింది, తర్వాత పకపకా నవ్వింది. "ఎవరు? నేనా? ఒరేయ్, నీ తూముల్లో దారి నాకే తెలీదురా. నేనింతవరకూ ఒక్కసారి కూడా చివరిదాకా వెళ్ళలేదు. నీకు చెప్తే బాధపడతావని ఊరుకున్నా."

"నువ్వు తలుపు దగ్గరున్నన్నాళ్ళూ అందరూ దాటారు. నేను నిలబడ్డ రోజున ఒక్కడు దాటలేదు. దానికేమంటావ్?"

నవ్వు ఆగిపోయింది. "అంటే అందుకా ట్రే తీసుకుంది?"

"నాది తేలిపోతే నీది ఉంటుంది. బ్రోన్విన్ చెప్పింది నీకూ వినపడిందిగా."

"ఒరేయ్ తామటీ," అన్నాడు ఫెర్గస్ కంగారుగా, "లోసా అలాంటి పనులు..."

"నువ్వు మధ్యలో రాకు."

లోసా చిప్స్ పొట్లం మూసేసింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని తామటికి చాలాసార్లు అనిపించింది ఆ తర్వాత.

"ఇన్ని వారాలు నన్ను కాపలా కాశావన్నమాట," అంది. "రైల్లో పక్కన కూర్చుని. మా ఇంట్లో మా అమ్మ వడ్డిస్తుంటే తింటూ. అనుమానమొచ్చింది, సరే, ఎవరికైనా వస్తుంది. అడగాల్సిందిరా. మొదటి రోజే అడిగితే నీ నెత్తిన ఒకటి మొట్టి, ఇద్దరం కలిసి వెతికేవాళ్ళం."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. లోసా లేచి నిలబడింది. "చిత్తడి నేల తీసెయ్యండి. ఫెర్గస్, నువ్వే తీసెయ్యి, వీడి చేత ముట్టించకు. ఆ నీళ్ళ చప్పుడు ఉంచుకోండి. మళ్ళీ ఆ బురదలో పడుకునే ఓపిక ఎవరికీ లేదు."

మర్నాటికల్లా బ్రోన్విన్‌తో మాట్లాడుకుని ఇంకో జట్టులో చప్పుళ్ళ పనికి చేరిపోయింది. కారణం ఏం చెప్పిందో గానీ బ్రోన్విన్ తామటిని ఏమీ అడగలేదు. రైలు కూడా ముందు బండికి మార్చుకుంది. ఆదివారం నాన్నమ్మ, "ఏరా, ఇవాళ లోసా వాళ్ళింటికి వెళ్ళలేదే?" అంటే, "పని ఉంది" అన్నాడు. చేమాకుల రుచి నాలుక మీదికి వచ్చి పోయింది.

షో రోజు హాలంతా జనం. తల్లిదండ్రులు, స్టూడియోలవాళ్ళు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళు. వరసలుగా బల్లలు, బల్లకో స్క్రీన్. ఎదురు వరసలో లోసా కొత్త జట్టు ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏవో మీటలు సరిచేస్తోంది, ఇటు చూడటం లేదు. తామటి అలవాటు ప్రకారం ఆడేవాళ్ళ వెనక నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

మొదట కూర్చున్నది ఒక స్టూడియో ఆయన. తూముల్లోకి దిగాడు. మొదటి చీలిక, కుడి. రెండోది, కుడి. మూడోది, ఎడమ. ఆగుతూ, తల ఊపుతూ, తప్పకుండా, దాటేశాడు. "బాగుంది. కొంచెం తేలిక," అని లేచి వెళ్ళిపోయాడు. తర్వాత కూర్చున్నామె కూడా అంతే.

తామటి ఎదురు వరసకేసి చూశాడు. లోసా అక్కడే ఉంది. వీళ్ళతో మాట్లాడే అవకాశమే లేదు. దారి నిన్ననే మళ్ళీ మార్చాడు. మరి ఎవరు? పక్కన ఛార్జర్ వైరు విప్పుకుంటున్న ఫెర్గస్ వైపు చూశాడు. ఫెర్గసా? ఈ అమాయకపు మొహం వెనక ఏముందో ఎవరికి తెలుసు? ఇదంతా మొదట్నుంచీ వీడి పనేనేమో. వీడేగా కోడ్ రాసేది, ఎక్కడైనా ఏదైనా గుర్తు పెట్టాడేమో...

"అబ్బాయ్! ఎన్నాళ్ళయిందిరా నిన్ను చూసి!"

ఉలిక్కిపడ్డాడు. సెఫినా ఆంటీ, లోసా వాళ్ళమ్మ. చెవి వెనక పువ్వు, చేతిలో మూతపెట్టిన డబ్బా. డబ్బా తెరిచి నూనెలో వేయించిన గుండ్రటి తీపి ఉండలు వాళ్ళ బల్లమీద పెట్టింది. "తినండి. ఎండిపోయారు చదువులతో. ఆదివారాలు రావడం మానేశావేం? పని ఎక్కువగా ఉందని చెప్పింది లోసా."

పని ఉందని చెప్పిందా? జరిగిందేదీ వాళ్ళింట్లో చెప్పలేదన్నమాట లోసా.

"జరుగు, నేనూ ఆడతా," అని ఆంటీ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "ఏది నొక్కాలి? ఇదా? ఓహో, పాము కదులుతోంది. ఈ నీళ్ళ చప్పుడు నా కూతురిదే! ఆ రోజు దాని బట్టలు ఉతకలేక చచ్చాను."

తూము చీకటిగా పరుచుకుంది స్క్రీన్ నిండా. తామటి వెనక నిలబడ్డాడు. మొదటి చీలిక వచ్చింది. ఆంటీ ఎడమకి కొంచెం తిరిగింది, ఆగింది, కిసుక్కున నవ్వింది, కుడికి తిరిగింది. రెండో చీలిక దగ్గరా అంతే. మూడో దాని దగ్గర ఇక పగలబడి నవ్వేసింది.

"ఇలా అయితే ఎలారా నాయనా? నేను ఎడమకి తిరగబోతే నువ్వు చేదు మందు తాగినట్టు మొహం పెడతావ్. కుడికి తిరిగితే కనుబొమలు పైకెత్తి, పోపో అంటావ్. ఇంక ఆడటానికేముంది?"

"నేనా? నేను మీ వెనక ఉన్నానుగా ఆంటీ."

"వెనకుంటే? ఇదిగో, ఇందులో కనపడుతున్నావ్‌గా ఎంచక్కా." ఆంటీ వేలితో స్క్రీన్ మీద తట్టింది. "ఈ నల్లటి దాంట్లో పాము కంటే నువ్వే బాగా కనపడుతున్నావ్."

తామటి తన ఆట స్క్రీన్‌లోకి, ఆంటీ పక్కకి వంగి, ఆడేవాళ్ళు చూసే చోటు నుంచి, మొదటిసారి చూశాడు. నల్లటి నీళ్ళు, నల్లటి గోడలు. వాటి మధ్య, ఆంటీ భుజం పైన, దీపాల వెలుగులో ఒక మొహం. కనుబొమలు ముడిపడి, పెదాలు బిగిసి, ఎదుటివాణ్ణి తినేసేలా చూస్తున్న మొహం. తనదే.

"మరి... బుడగలు?" అన్నాడు నీరసంగా.

"ఏ బుడగలు?"

ఇన్ని వారాలు వెనక నిలబడి ప్రతివాడికీ దారి చెప్పింది తనే. ఆ మొదటి సంవత్సరం పిల్లలు దొంగల్లా జారుకున్నది కూడా, పెద్దవాడి మొహం చూసి గెలిచామని ఒప్పుకోలేకే. లోసా చిత్తడి నేలలో ఎండ. ఆ వెలుగులో ఏ మొహమూ కనపడదు, అందుకే అక్కడ జనం ఆగి ఆలోచించారు. తను కాపలా కాసిన రోజున తలుపు దగ్గర లోసా లేకపోవడమొక్కటే కాదు, ఆడేవాళ్ళ వెనక తనూ లేడు. ఇంటి దొంగను పట్టుకోడానికి ఇంటి బయట నిలబడ్డాడు.

ఆంటీ ఇంకా స్క్రీన్ వైపే తిరిగి ఉంది. "అవునూ, మా లోసా చేసింది కొంచెమైనా ఉంచారా? గడ్డీ, నీలికోళ్ళూ, ఎండా చేశానంది. ఈ చీకటి అయ్యాక వస్తుందా?"

తామటి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మీటల మీద ఆంటీ వేళ్ళు ఆగిపోయాయి. మలుగుపాము ఆ మూడో చీలిక దగ్గరే ఎటూ పోకుండా ఉండిపోయింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పని లేదు.

"చోటు చాలక తీసేశారని చెప్పింది," అంది నవ్వు పోయిన గొంతుతో. "అది కాదన్నమాట."

తామటి మొహం తిప్పుకోబోయాడు. ఎటు తిప్పుకున్నా ఆ నలుపులో కనపడుతూనే ఉంది.

"నా పిల్ల రోజూ ముందు బండికి ఎందుకు పోతోందో, పక్కింటివాళ్ళనైనా అడగొచ్చుగానీ దాన్ని అడిగితే చెప్పదు," అంది ఆంటీ. "నువ్వు చెప్పు. ఏం చేశావ్ దాన్ని? మొహంతో కాదు నాయనా, నోటితో చెప్పు."

ఆడేవాళ్ళు కుర్చీలో ఉన్నారు, ఆట నడుస్తోంది. మూడేళ్ళ అలవాటు, పెదాలు విడివడటానికే కష్టమైంది.

"లోసా ఏ తప్పూ చెయ్యలేదు ఆంటీ," అన్నాడు. ఎదురు వరస దాకా వినపడేలా అన్నాడు. "నా ఆటని పాడు చేస్తోందని నేను దాని మీద నింద వేశాను. దారి చెప్పింది నేనే. చిత్తడి నేల ఉండాల్సింది. తీసెయ్యాల్సింది నాది."

ఫెర్గస్ వైరు పట్టుకుని తలెత్తాడు. "తామటీ, నోరు తెరిచావ్! కేకు!" అన్నాడు అలవాటు కొద్దీ.

ఎవరూ నవ్వలేదు. ఎదురు వరసలో లోసా హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది. ఇటే చూస్తోంది.